మే నెలలో మూడు స్వెటర్లు

ఐస్‌లాండ్ యాత్రకు బయల్దేరే ముందే అక్కడి భోజనం ఖరీదు చూసి హడలిపోయి, కందిపొడి పట్టుకెళ్దామనుకున్నాం. విమానంలో అదనపు సామానుకు డబ్బెందుకని, బట్టలన్నీ ఒంటిమీదే వేసుకోమంది మా ఆవిడ. అలా నడవగలనో లేదో చూద్దామని, మే నెల మధ్యాహ్నం మూడు స్వెటర్లు, పైన జాకెట్, జేబుల నిండా పొడి పొట్లాలతో పుప్పాలగూడలోని మా ఐదో అంతస్తు నుంచి లిఫ్టెక్కాను. కరెంటు పోయి లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. జాకెట్ జిప్పు ఇరుక్కుంది. ఊపిరాడక కూలబడ్డాను.

"ఏమండీ, పలకండీ!" మెట్ల మీదుగా పరుగెత్తుకొచ్చి, తలుపు అవతల మా ఆవిడ ఏడుపు.

ఎలాగో తలుపు తెరిచిన వాచ్‌మన్, "ఏంది సార్, గింత ఎండల గీ స్వెటర్లేంది?" అంటూ నీళ్ళు తాగించాడు.

"ఈ ప్రయాణమే ఇక వద్దులెండి," అంది ఆవిడ. సరేనని తలూపాను. రెండేళ్ళుగా ప్లాన్ చేసిన ఐస్‌లాండ్ యాత్రలో నేను వెళ్ళింది మూడో అంతస్తు దాకా.