హర్తాళునాడు నడివీధిలో తాగిన నీళ్లు

1956, శ్రావణ మాసం, మంగళవారం సాయంత్రం. ఆళ్లగడ్డలో మా అద్దె ఇంటి వాకిలి. అక్కడ ఉన్నవారు: నేను, నా భార్య నాగరత్న, ఎదురింటి దర్జీ మస్తానయ్య, మేము గోధుమ అని పిలుచుకునే వీధి కుక్క.

అప్పుడు నేను అక్కడి బడిలో టీచర్ని. రోజూలాగే ఇంటికి రాగానే గోధుమకు అన్నం ముద్ద వేశాను. అది ముద్ద వైపు చూడలేదు. నీళ్ల తొట్టి దగ్గరికి పోయి, మూతి పెట్టబోయి, వణికి వెనక్కి వచ్చింది. ఇదేదో తేడాగా ఉందని అనుకునేలోపే నా పిక్క పట్టుకుంది. దాని నోటి వెంట చొంగ కారుతోంది.

మస్తానయ్య కర్ర తీసుకుని దాన్ని తరిమాడు. "ఏం గాదు అయ్యోరూ, రోంత మిరప్పొడి అద్దితే సరిపోతాది" అన్నాడు. నాగరత్న ఆ మాట వినలేదు. సబ్బు తెచ్చి కాలు కడిగింది. కడిగిన చోటే మళ్లీ మళ్లీ కడిగింది.

రెండు రోజులకు గోధుమ చచ్చిపోయింది. ఆ సంగతి విన్న ఊరి డాక్టరు కుర్చీలోంచి లేచారు. "అయితే అది పిచ్చికుక్కే. ఇక్కడ వ్యాక్సిన్ లేదు. ఈ రోజే నంద్యాలకు పోండి."

నంద్యాల నాగరత్న పుట్టిల్లు. మా మామ సుబ్బరాయుడు గారికి పెద్ద బజారులో బట్టల అంగడి ఉండేది. ఆస్పత్రి ఊరికి ఇంకో కొసన. అక్కడి డాక్టరు నెమ్మదిగానే చెప్పారు. "పద్నాలుగు ఇంజెక్షన్లు, రోజుకొకటి, బొడ్డు చుట్టూ. మధ్యలో ఒక్క రోజు తప్పినా పూచీ నాది కాదు." ఆ జబ్బు వస్తే నీళ్లు చూడగానే గొంతు పట్టేస్తుందని కూడా చెప్పారు.

ఆ చివరి మాట నాగరత్న మనసులో నాటుకుంది. మరునాటి నుంచి తెల్లవారగానే చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు నిలబడేది. "ఇదో, తాగండి." నేను తాగుతుంటే నా గొంతు వైపే చూసేది. గుటక దిగాకే ఊపిరి వదిలేది. కాఫీ అడిగినా ముందు ఆ నీళ్లే.

తొమ్మిదో ఇంజెక్షన్ తర్వాత పొట్ట గడ్డలు కట్టి రాయిలా అయింది. జ్వరం వచ్చింది. నిటారుగా నిలబడలేకపోయాను. "ఇది రియాక్షన్. భయపడొద్దు, కోర్సు మాత్రం ఆపొద్దు" అన్నారు డాక్టరు.

ఆ సాయంత్రమే వీధిలో టముకు వినిపించింది. "రేపు హర్తాళు! నంద్యాలలో చక్రం తిరగగూడదు!" ఇప్పుడు బంద్ అంటున్నాం, అప్పుడు హర్తాళు. రాజధాని కర్నూలు నుంచి తరలిపోతుందని ఊరంతా కోపంగా ఉన్న రోజులవి. టముకు వేయించింది మా మామే. చక్రం మాటా ఆయనదే.

తెల్లవారితే ఊరు ఊరులా లేదు. బియ్యం మిల్లుల కూత లేదు. హోటళ్లలో పొయ్యి వెలగలేదు. జట్కాల నొగలు నేలకు ఆనించి ఉన్నాయి. పెద్ద బజారు నడుమ పిల్లలు బిళ్లంగోడు ఆడుతున్నారు. స్టేషన్లో ఇంజను ఆవిరి వదిలితే మామ ఇంట్లోకి వినిపించింది.

"జట్కా పిలిపించు నాయనా" అంది నాగరత్న.

"ఎట్ల పిలిపిస్తానమ్మా? తిరగగూడదని చెప్పింది నేనే గదా."

"నీ హర్తాళుకు నా మొగుడే దొరికినాడా?"

మామ తల గోక్కున్నారు. "ఉండుమ్మా. చక్రం లేనిదేదన్నా చూస్తా."

ఆయన చూసింది నులక మంచం. మోయడానికి హర్తాళు కుర్రాళ్లను నలుగురిని పిలుచుకొచ్చారు. అత్తగారు వాకిలికి అడ్డం నిలబడింది. "బతికుండే అల్లున్ని నలుగురు మోసకపోతారా? చూసేటోళ్లు ఏమనుకుంటారు?"

"కూచోని పోతాడు లేవే. కూచున్నోన్ని ఎవరేమనుకుంటారు?"

కూర్చునే బయలుదేరాను. బజారు మలుపు తిరిగేసరికి కళ్లు తిరిగి పడుకున్నాను. ఎండ పడలేక కప్పుకున్న పంచె ముఖం మీదికి లాక్కున్నాను. అదే పొరపాటు.

అరుగుల మీది వాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారట. పంచె కింద నాకు మాటలు మాత్రం వినిపించాయి.

"ఎవరప్పా పోయింది?"

"పోలీసోళ్లు కొట్టినారంట!"

"యాడ? ఎప్పుడు?"

జనం మూగారు. ముందర మలుపులో పోలీసులు ఉన్నారు. ఎవరో రాళ్లు తీసుకోమని అరిచారు. అప్పుడు మా మామ గొంతు లేచింది. "సావలేదప్పా! నా అల్లుడు! పిచ్చికుక్క కరిచింది, ఆస్పత్రికి తీసకపోతాండాం!"

ఆ మాటకు రాళ్లు కింద పడ్డాయి, మనుషులూ వెనక్కి జరిగారు. "ఉట్టి జరమన్నావు గదా పెద్దాయనా!" అని మోసే కుర్రాళ్లు మంచాన్ని నడివీధిలో దించి దూరంగా పోయారు. మామ ఒక్కరే రెండు కోళ్లు పట్టుకుని ఎత్తబోయారు. లేవలేదు. ఆస్పత్రి మూసే వేళ దగ్గర పడుతోంది.

వెనుకగా వస్తున్న నాగరత్న జనాన్ని తోసుకుని వచ్చింది. చేతిలో ఆ చెంబే. దారిలో దాహమేస్తుందని తెచ్చిందట. పంచె లాగేసింది.

"లెయ్యండి. తాగండి."

లేచి కూర్చున్నాను. జ్వరానికి గొంతు ఎండిపోయి ఉంది. గుటక పడదేమోనని మొదటిసారి నాకే భయం వేసింది. అంతమంది నా గొంతు వైపు చూస్తున్నారు. నేను మాత్రం ఆమె కళ్లు చూస్తూ చెంబెత్తాను.

"దిగిందే! గుటక దిగిందే!" అని అరుగు మీది ముసలమ్మ కేక వేసింది. "పిచ్చీ లేదు, ఏం లేదు. ఎత్తండ్రా!"

కుర్రాళ్లు సిగ్గుపడుతూ తిరిగి వచ్చారు. మామ చేతిలోని కోడును ఒక కానిస్టేబులు అందుకున్నాడు, లాఠీ చంకలో పెట్టుకుని.

"ఏం పెద్దాయనా, అల్లునికి ఊరంతా మెరవణా?" అన్నారెవరో.

"ఔనప్పా! పెండ్లినాడు చేయలేదని అలిగినాడు!" అన్నారు మామ. నవ్వారు గానీ కళ్లు తుడుచుకున్నారు.

ఆస్పత్రిలో మా వెంట వచ్చిన జనాన్ని చూసి డాక్టరు, "హర్తాళు ఊరేగింపు ఇక్కడికే వచ్చిందా?" అన్నారు. ఇంజెక్షన్ మాత్రం వేళకే పడింది. తర్వాత కోర్సు పూర్తయింది. జబ్బు రాలేదు.

ఇప్పుడు రిటైరై, ఇద్దరం నంద్యాలలోనే ఉంటున్నాం. పిక్క మీద మచ్చ ఉంది. కుక్కలంటే ఇష్టమూ పోలేదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. కుక్క కరిస్తే మిరప్పొడీ ఆకుపసరూ పూయకండి, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో బాగా కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఇప్పుడు ఇంజెక్షన్లు జబ్బకే వేస్తారు. డాక్టరు చెప్పిన ఏ రోజూ తప్పించకండి.

హర్తాళు మరునాటి ఉదయం మిల్లు కూత వేసింది. వాకిట్లో జట్కా సిద్ధంగా ఉంది. మామ తెల్లవారకముందే పోయి తానే పిలుచుకొచ్చారు. నాగరత్న చెంబుతో వచ్చి నిలబడింది.

"నిన్న ఊరంతా చూసింది గదా, ఇంకా ఎందుకు?" అన్నాను.

"ఊరు నిన్నటిది చూసింది. ఈ పొద్దుటిది నేను చూడాల" అంది. "తాగండి."