అరిగిన పళ్ళు

నాకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని సమస్య, ఉందని ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో కరీంనగర్‌లో ఒక మానసిక వైద్యురాలు చెప్పింది. నేను కోరుట్లలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మొదలుపెట్టిన పని ఏదీ పూర్తిచేయలేకపోవడం నా బద్ధకమనే అప్పటిదాకా నమ్మాను. రోజూ పొద్దున వేసుకోమని మాత్ర రాసిచ్చింది. మొదటిరోజే దిద్దాల్సిన పేపర్ల కట్ట ముందు కూర్చుని, మధ్యలో లేవకుండా ముగించాను. లేచేసరికి చెంపలు నొప్పిగా ఉన్నాయి. పట్టించుకోలేదు.

కొన్ని నెలల తర్వాత సిరిసిల్లలో ఉన్న అమ్మను చూడటానికి బస్సెక్కాను. చందుర్తి రాకముందే కునుకు పట్టింది. పక్క సీట్లో బురఖా వేసుకున్న ముసలామె నా భుజం తట్టి లేపింది.

"ఏం నములుతున్నవ్ బిడ్డా నిద్రల?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకుంటే గా చప్పుడేంది? రాళ్ళు కొరికినట్టు కొరుకుతున్నవ్. నాకే భయమైంది."

ఆమె సిరిసిల్ల దాకా నా నోటి వైపే చూస్తూ కూర్చుంది.

అప్పటినుంచి మెలకువలోనూ గమనించాను. బోర్డు మీద రాస్తున్నా, కూరగాయలు తరుగుతున్నా పై పళ్ళు కింది పళ్ళను పట్టుకునే ఉండేవి. వదులు చేసేదాన్ని. కాసేపటికి చూస్తే మళ్ళీ బిగిసి ఉండేవి. నేను ఏమరినప్పుడల్లా ఇంకెవరో నా నోటితో నములుతున్నట్టు అనిపించేది.

ఒకరోజు మెత్తటి ఇడ్లీ తింటుంటే దవడపన్ను ముక్క విరిగి నాలుక మీదికి వచ్చింది. జగిత్యాలలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నోట్లో ఫోటోలు తీసి తెర మీద చూపించాడు. వెనక పళ్ళన్నీ చదునుగా అరిగిపోయాయి.

"రోజు ఏమన్న మందులు వాడుతున్నరా మేడం?"

మాత్ర పేరు చెప్పాను.

"గీ మందుతోని కొందరికి దవడ బిగుసుకుంటది. నోరు గూడ ఎండుతది, పండ్లు తొందరగ పాడైతయ్. కానీ గింత అరుగుడు కొన్ని నెలలల్ల కాదు. ముందుగాల్నించే ఉన్నట్టుంది, మందు ఎక్కువ చేసింది. మీ ఇంట్ల ఎవలకన్న ఉండెనా?"

అలాంటి పళ్ళను అంతకుముందే చూశాను. ఆఖరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద నోరు తెరుచుకుని పడుకున్న నాన్నవి అలాగే ఉన్నాయి.

నాన్న సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. ఉన్నట్టుండి పని వదిలి బయటికి వెళ్ళిపోతాడని ఏ యజమానీ ఎక్కువకాలం ఉంచుకోలేదు. ఆ వారమే వెళ్ళి అమ్మను అడిగాను.

"నాయిన పండ్లు ఎట్ల అరిగినయే?"

"కొరికి కొరికే అరగ్గొట్టుకున్నడు. అందరు కోపిష్టోడు అంటుండిరి. నేను గూడ గట్లనే అనుకున్న." అమ్మ నా చెంప మీద చెయ్యి పెట్టి చూసింది. "ఆయనకు ఎవ్వలి మీద కోపం లేకుండె."

వైద్యురాలు మందు మోతాదు తగ్గించింది. జగిత్యాల డాక్టరు విరిగిన పన్నుకు తొడుగు వేశాడు. దాని పక్కదాన్ని కాపాడలేక తీసేశాడు. పడుకునేటప్పుడు పళ్ళకు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ గార్డు చేసిచ్చాడు. చెంపల నొప్పి తగ్గింది. కాలేజీ పని సాగుతోంది, మాత్ర మానలేదు.

వైద్యురాలు ఒప్పుకున్నాక ఆదివారాలు మాత్రం వేసుకోవడం లేదు. సోమవారం పొద్దున గార్డు కడుగుతుంటే మాత్ర లేని ఆ రాత్రి కూడా పళ్ళు కొరికిన కొత్త గీతలు దాని మీద కనిపిస్తాయి.