వదులు గాజులు

కళావతి నర్సింగ్ స్కూల్లో చేరతానన్నప్పుడు అత్తగారు నాగమణమ్మ వద్దనలేదు. ఒక్క మాట మాత్రం అడిగింది. కొడుకు మంచాన పడి ఉన్నాడు కనుక కోడలి చేతులు ఎప్పుడూ బోసిగా ఉండకూడదు. మహంకాళి గుడి గడప దగ్గర నిలబెట్టి మరీ ఆ మాట తీసుకుంది. కళావతి ఒప్పుకుంది. నర్సుల చేతులకు గాజులుండవన్న సంగతి అప్పటికి ఆమెకు తట్టలేదు. ఎన్నోసార్లు చూసే ఉంటుంది, గమనించి ఉండదు.

ఇది 1953 నాటి మాట. వాళ్లు లాల్‌దర్వాజాలో మా ఇంటి వెనుక భాగంలో అద్దెకుండేవారు. ఇక్కడ రాస్తున్నదాంట్లో ఎక్కువ భాగం కళావతే నాకు చెప్పింది. కాని ఆమె తనకు మెప్పు వచ్చే చోటల్లా మాట మింగేస్తుంది. అక్కడ ఏం జరిగిందో మా అమ్మను అడిగి నింపుకున్నాను.

కళావతి భర్త సోమశేఖర్ ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల టోకు దుకాణంలో గుమాస్తా. ఆ దుకాణంలో అందరూ దగ్గుతారు. అందుకని అతని దగ్గు చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు. క్షయ అని తేలాక సేఠ్ మర్యాదగానే విశ్రాంతి తీసుకోమన్నాడు, మళ్లీ రమ్మని కబురు పెట్టలేదు. కొన్ని నెలలు అతన్ని పెద్ద దవాఖానలో ఉంచారు. భర్త పక్కన కూర్చుని కళావతి ఊరుకునేది కాదు. పక్క మంచం ముసలాయనకు గంజి తాగించేది, ఉర్దూ తప్ప రాని వాళ్ల బాధ తెలుగు నర్సులకు చెప్పేది. నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే సిస్టర్ సుగుణమణి ఇది చూసింది. ఆవిడది డోర్నకల్ వైపు క్రైస్తవ కుటుంబం. అప్పట్లో ఈ ఊరి ఆడపిల్లలు నర్సింగుకు వచ్చేవారు కారు. ఉర్దూ వచ్చిన అమ్మాయిలు కావాలని, భర్త సంతకం పెడితే పెళ్లైనవాళ్లనూ తీసుకుంటున్నారని ఆవిడే చెప్పింది. కళావతి ఉర్దూ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. సోమశేఖర్ మంచంలోనే సంతకం పెట్టాడు. ఇంట్లో ఇక సంపాదించగలిగింది ఆమె ఒక్కతే.

స్కూల్లో మొదటి రోజు సిస్టర్ సుగుణమణి అమ్మాయిలందరినీ వరుసగా నిలబెట్టింది. మోచేతి నుంచి కిందికి మీ చెయ్యి మీది కాదు, రోగిది, దానిమీద ఏమీ ఉండకూడదు అని చెప్పింది. ఒకరు ఉంగరం తీశారు, ఒకరు గడియారం విప్పారు. కళావతి చేతులకు బిగుతైన ఆకుపచ్చ మట్టిగాజులున్నాయి. గాజులు బిగుతుగా ఉండటమే అందమని ఆ రోజుల లెక్క. వాటిని పగలగొడితే తప్ప తీయలేం. గాజులు పగలగొట్టేది భర్త పోయినప్పుడే. ఒక్క పూట గడువు అడిగింది. సిస్టర్ ఇచ్చింది.

ఆ సాయంత్రం ఆమె చార్మినార్ పక్క గాజుల వీధిలో మహబూబ్‌బీ దుకాణానికి వెళ్లింది. పెళ్లినాడు ఆమెకు గాజులు ఎక్కించింది మహబూబ్‌బీయే. సబ్బు రాసి, చెయ్యి నలిపి, ఒక్కటీ చిట్లకుండా పాతవి దించింది. కొత్తవి ఎక్కాక తీయడానికి చేతికి ఒకటి మాత్రం ఉంచింది. ముత్తైదువ చెయ్యి ఒక్క క్షణమైనా ఖాళీగా ఉంచకూడదని ఆమె పనిలో కట్టుబాటు. అయితే కళావతి అడిగిన కొలత విని నవ్వింది.

"ఇంత వదులువి ఎవరేసుకుంటరు బేటీ? బాసన్లు తోమితే బాసన్లల్లనే పోతయ్."

కళావతి సంగతి చెప్పింది. మహబూబ్‌బీ నవ్వు ఆపి, ఉన్నవాటిలో పెద్దవి ఏరి ఎక్కించి, మిగిలిన పాతవి తీసేసింది.

అప్పటినుంచి ఆమె డ్యూటీకి వెళ్లేముందు గాజులు జార్చి, చేతిరుమాల్లో చుట్టి, లోపల నడుముకు కట్టుకునేది. వార్డు దాటగానే వేసుకునేది. చేతికి లేకపోయినా ఒంటిమీద ఉన్నాయి కదా అని మనసుకు నచ్చచెప్పుకుంది. అత్తగారికి మాత్రం చెప్పలేదు.

చదువు అంతకన్నా కష్టమైంది. పాఠాలన్నీ ఇంగ్లీషులో. ఎముకల పేర్లు, మందుల పేర్లు ఉర్దూ అక్షరాల్లో రాసుకుని నెమరు వేసుకునేది. తోటి అమ్మాయిలు ఆ కాగితాలు చూసి, కళావతి కుడినుంచి ఎడమకు నర్సవుతోందని ఏడిపించేవారు. ఆదివారం సెలవులో హాస్టల్ నుంచి ఇంటికి వస్తే సోమశేఖర్ పరీక్ష పెట్టేవాడు. అతనికి కొంచెం ఇంగ్లీషు వచ్చు. పక్కటెముకల పాఠం వచ్చిన వారం అతను చొక్కా పైకెత్తి చూపించాడు.

"పుస్తకమెందుకు కళా? ఈడ సాఫ్ కనవడ్తున్నయ్. లెక్కవెట్టుకో."

ఆమె నిజంగానే వేలు పెట్టి ఒక్కొక్క ఎముక పేరూ చెప్పిందట. అతను కితకితలకు మెలికలు తిరిగాడట. ఈ సంగతి చెప్పినప్పుడు మాత్రం కళావతి ఏదీ మింగలేదు.

రెండేళ్లు గడిచాయి. మూడో ఏడు ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాల రోజున ఆమెకు సెలవు దొరకలేదు. నాగమణమ్మ అమ్మవారికి నైవేద్యం పెట్టిన బోనం అన్నం డబ్బాలో సర్దుకుని, కోడలికి తినిపించాలని దవాఖానకు నడిచి వెళ్లింది. వార్డు గుమ్మంలోంచి చూసింది. కళావతి ఒకామె కాలి పుండు కడుగుతోంది. మోచేతి కింద ఉత్త చేతులు. నాగమణమ్మ డబ్బా గుమ్మం పక్కన పెట్టి, పిలవకుండానే తిరిగి వెళ్లిపోయింది. పని ముగించుకుని వచ్చిన కళావతికి డబ్బా కనబడింది. అత్తగారు చూసేశారని దాంతోనే అర్థమైంది.

ఆ వారంలోనే సోమశేఖర్ దగ్గితే రక్తం పడింది.

కళావతి సెలవు పెట్టి పరుగున వచ్చేసరికి నాగమణమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఆమె అరవలేదు. మా అమ్మ అటుపక్క బియ్యం చెరుగుతూ విన్నది.

"గుడి గడపల చెప్పినవ్ గద పిల్లా. ఏమైంది గా మాట?"

కళావతి నడుము దగ్గరి రుమాలు విప్పి చూపించింది. "నా ఒంటిమీదనే ఉన్నయ్ అత్తమ్మా. చేతికి లెవ్వు, గంతే."

"నడుముకు కట్టుకునేటియి గాజులా, తాళంచెవులా?"

కళావతి గాజులు వేసుకుని లోపలికి వెళ్లింది. నాగమణమ్మ కోపంలో ఉన్నది మొండితనం కాదని ఆమెకు తెలుసు. భర్త పోయిననాడు నాగమణమ్మకు ఇంచుమించు కళావతి వయసే. వీధిలో ఆడవాళ్లు ఆమె చేతులు గడపకు ఆనించి రాయితో గాజులు పగలగొట్టారు. ఎడమ మణికట్టు మీద ఆ మచ్చ ఇంకా ఉంది. ఆనాటి నుంచి ఆమె గాజులను ముట్టుకోలేదు. కోడలివి కూడా. విధవ చెయ్యి తగిలితే మంచిది కాదని ఆమె నమ్మకం.

డాక్టరు స్ట్రెప్టోమైసిన్ రాసిచ్చాడు. రోజూ సూది వేయాలి, నెలల తరబడి. దవాఖానలో మంచం ఖాళీ లేదు. వీధి చివరి కంపౌండరు రెండు రోజులు వచ్చాడు. క్షయ ఇంటికి వెళ్తున్నాడని వేరే ఇళ్లవాళ్లు వద్దనేసరికి రావడం మానేశాడు. సిస్టర్ సుగుణమణి కళావతికి పదిహేను రోజులు సెలవిచ్చింది. అది దాటితే ఆ ఏడు పోయినట్టే, మళ్లీ తీసుకుంటారన్న హామీ లేదు. నాగమణమ్మ మాత్రం కోడలు ఇక దవాఖాన గడప తొక్కొద్దని చెప్పేసింది.

తానే సూది వేయాల్సిన మొదటి ఉదయం కళావతి కుంపటి మీద గిన్నెలో సిరంజి, సూది ఉడికించింది. చేతులు కడుక్కుంది. గాజులు తీయలేదు. మందు పీల్చడానికి చెయ్యి వంచేసరికి వదులు గాజులు ముంజేతి మీదినుంచి జారి సూది మొనకు తగిలాయి. ఆమె సూదిని మళ్లీ గిన్నెలో వేసింది. నాగమణమ్మ గుమ్మంలో, మా అమ్మ వాకిట్లో కూర్చుని చూస్తున్నారు.

రెండోసారి కళావతి గాజులను మోచేతి దాకా ఎక్కించుకుంది. చెయ్యి దించగానే గలగలమంటూ కిందికి దిగాయి. సూది మళ్లీ గిన్నెలోకి వెళ్లింది. బోర్లా పడుకున్న సోమశేఖర్ తల తిప్పి చూశాడు.

"గా సూది జాగల కందిపప్పు వేసినా ఈపాటికి ఉడుకుతుండె."

కళావతి కుంపటి విసురుతూ కూర్చుంది. గాజులు తీయనా అని అడగలేదు. తన చదువు గురించి, దవాఖాన నియమం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మళ్లీ తగిలితే మళ్లీ ఉడికిస్తుంది, అంతే. మా అమ్మ ఈ మాట చెప్పినప్పుడల్లా, వాదన గెలవగలిగి కూడా నోరు మూసుకున్న మనిషిని ఆ రోజే చూశానంటుంది.

చివరికి నాగమణమ్మే అడిగింది. "గాజు తాకితే ఏమైతది?"

"సూది మైలవడ్తది అత్తమ్మా. గా మైల ఆయన రక్తంల వోతది."

మైల అంటే ఏమిటో నాగమణమ్మకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. తడిబట్టతో వంట చేసే మనిషి. గిన్నెలో మరుగుతున్న సూదికేసి, కోడలి గాజులకేసి చూసింది. తర్వాత లేచి, కుంపటి దగ్గరకు వచ్చి, రెండు చేతులూ చాపింది.

"ఇటియ్యి."

కళావతి కదల్లేదు. తీయడానికి కాదు ఆమె వెనకాడింది, ఆ చేతుల్లో పెట్టడానికి.

"నేను వట్టుకుంట. తీసినట్టు గాదు. నా కొడుకు పానం కోసం నా చేతుల వెట్టినట్టు."

కళావతి గాజులు జార్చి ఆ దోసిట్లో పెట్టింది. మళ్లీ చేతులు కడుక్కుని, సూది తీసి, మందు నింపి, భర్తకు వేసింది. అంతసేపూ నాగమణమ్మ గాజులను పాలగిన్నె పట్టుకున్నట్టు పట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడింది. పని అయ్యాక దోసిలి ముందుకు చాపింది. కళావతి ఒక్కొక్కటీ తీసుకుని వేసుకుంది.

మర్నాటి నుంచి అదే పద్ధతి. సెలవు ముగిసేముందు నాగమణమ్మ ఎవరికీ చెప్పకుండా దవాఖానకు వెళ్లి సిస్టర్ సుగుణమణిని కలిసింది. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పలేదు. కళావతి మళ్లీ స్కూలుకు వెళ్లింది. రోజూ మధ్యాహ్నం సూది వేయడానికి ఇంటికి వచ్చిపోయే అనుమతి దొరికింది. తెల్ల చీరతో ఎండలో గబగబా నడిచి వచ్చే ఆమెను చూసి వీధిలో నొసలు చిట్లించిన వాళ్లుండేవారు. ఆమె కంటే ముందే కుంపటి రాజేసి, గిన్నె ఎక్కించి, చేతులు కడుక్కుని నాగమణమ్మ సిద్ధంగా ఉండేది. గాజులు పట్టుకోవడానికి చేతులు ఎందుకు కడుక్కోవాలో కళావతి అడగలేదు.

చలికాలానికి రక్తం ఆగింది. వేసవికి సోమశేఖర్ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మందు వల్లనా, అమ్మవారి వల్లనా అన్న చర్చ ఆ ఇంట్లో జరగలేదు. చివరి పరీక్షల ముందు ఆదివారం అతను చొక్కా ఎత్తి, పక్కటెముకల కోసం వెతుక్కుని, విచారం నటించాడు.

"ఇగ నీకు పుస్తకమే దిక్కు. నా బొక్కలు కనవడ్తలెవ్వు."

1956లో కళావతి పాసైంది. మౌఖిక పరీక్షలో ఒక ఇంగ్లీషు మాట గుర్తురాక ఉర్దూలో చెబితే, పరీక్ష పెట్టిన పెద్దాయన తర్వాతి ప్రశ్నను ఉర్దూలోనే అడిగాడట. అంతకుమించి ఆ పరీక్ష గురించి ఆమె చెప్పదు. మొదటి తరగతి వచ్చిందని నాకు సోమశేఖర్ చెప్పాడు.

ఉద్యోగం కోసం హుస్సేనీ ఆలంలో ఒక చిన్న కాన్పుల దవాఖానకు వెళ్లింది. నడిపేది డాక్టర్ జైనబ్ అనే ఆవిడ. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు ఎక్కువగా అక్కడికే వచ్చేవారు. నాగమణమ్మ తోడు వస్తానంది. కళావతి వద్దనలేదు.

డాక్టరమ్మ ఉర్దూలో ప్రశ్నలు వేసింది. కళావతి జవాబులు చెప్పింది. పనివేళలకు హద్దు ఉండదని, ఇంటివాళ్లకు ఇష్టమేనా అని ఆవిడ అడగబోయింది. మాట పూర్తికాకముందే నాగమణమ్మ ముందుకు జరిగింది.

"డాక్టరమ్మా, గాజుల ఫికర్ మీరు జెయ్యకుండ్రి. అవి నా దగ్గరుంటయి."

గాజుల గురించి ఎవరూ అడగలేదు. డాక్టరమ్మ అత్తను చూసింది, కోడలి చేతులు చూసింది. ఏం అర్థమైందో గాని చిన్నగా తలూపింది. రేపటి నుంచి రమ్మని చెబుతుండగానే లోపలినుంచి ఎవరో మూలిగారు. డాక్టరమ్మ లేస్తూ, రేపెందుకు, ఇప్పుడే రమ్మంది.

కళావతి అక్కడికక్కడే గాజులు జార్చింది. నాగమణమ్మ కొంగు పట్టింది. కోడలు లోపలికి వెళ్లాక, వరండాలో బల్ల మీద బురఖాల్లో కూర్చున్న ఆడవాళ్ల పక్కన తానూ కూర్చుంది. కొంగు మూట ఒళ్లో పెట్టుకుంది. పక్కనున్నామె కాసేపు చూసి, అందులో ఏముందని అడిగింది.

"మా కోడలి గాజులు," అంది నాగమణమ్మ. "ఆమె డ్యూటీల ఉన్నది."