మూణ్ణెల్ల నోటీసు

గుంటూరు దాటి పెదకాకాని వైపు వెళ్లే దారిలో ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. నూర్‌బాషా సిలార్ అందులో పదహారేళ్లుగా కంప్రెసర్లు నడుపుతున్నాడు. రైతులు టిక్కీలనే బస్తాల్లో దాచుకున్న మిర్చి రంగు చెడకుండా ఏడాది పొడుగునా నిలవుండాలంటే మిషన్ రూములో అతను మెలకువగా ఉండాలి. యంత్రం చప్పుడులో రవ్వంత తేడా వచ్చినా తింటున్న అన్నం వదిలేసి లేచేవాడు. చల్లదనం కోసం పైపుల్లో తిరిగే అమోనియా ఏ కాస్త లీకైనా ఆ వాసన అందరికంటే ముందు అతనికే తగిలేది. వాళ్ల నాన్న పర్చూరు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. ఆ పనికి ఇక రోజులు లేవని గ్రహించి కొడుకుని ఐటీఐలో చేర్చాడు. సిలార్ తెలుగు గడగడా చదువుతాడు. ఇంగ్లీషు మాత్రం కూడబలుక్కోవాలి.

ఆ ఇంగ్లీషే అతని కొంప ముంచింది.

యాజమాన్యం మారి ఏడాది తిరిగిందో లేదో, ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి అందరికీ కవర్లు వచ్చాయి. సంతకం చేసి వారంలోగా తిరిగి ఇవ్వమన్నారు. సిలార్ కళ్లజోడు పెట్టుకుని చూశాడు. టెర్మినేషన్ అన్న మాట దొరికింది. నోటీసు అన్న మాట దొరికింది. మూడు నెలలు అన్నది దొరికింది. మిగతాదంతా కలగాపులగంగా ఉంది. దొరికిన మూడు మాటల్నీ కలుపుకుంటే ఒకటే అర్థం తేలింది. మూణ్ణెల్లలో తనని తీసేస్తున్నారు.

ఎవరినీ అడగలేదు. అడిగితే నిజమని చెబుతారేమోనని భయం. తోటివాళ్లు టీ తాగుతూ నవ్వుకుంటుంటే, వీళ్లకి ఇంత ధైర్యం ఎక్కడిదా అని ఆశ్చర్యపోయాడు. ఇంట్లో భార్య ఖాజాబీకి కూడా చెప్పలేదు. రెండు రోజులు అలా గడిచాక, ఒంగోలు దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే పాత స్నేహితుడు ప్రేమదాసుకి ఫోన్ చేసి ఏదైనా పని ఉందా అని అడిగాడు. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. అమోనియా ప్లాంటు తెలిసినవాడి కోసం వాళ్లే వెతుకుతున్నారట. వెంటనే తీసుకుంటారట. కాకపోతే వస్తానని నెలలోగా మాట చెప్పాలట, చెప్పాక ఇంకో నెలకంటే ఆగరట.

మర్నాడు కొంచెం తేలికపడిన మనసుతో ఆఫీసు గదికి వెళ్లి, అక్కడ టైపు పని చూసే ఎలీసమ్మకి కాగితం చూపించాడు. ఇంకెన్నాళ్లు రమ్మంటారో కనుక్కుందామని.

ఆమె కాగితం చూసి, అతని మొహం చూసింది. “నిన్నెవరు తీసేస్తున్నారు సిలారన్నా? నువ్వు మానేయాలనుకుంటే మూణ్ణెల్ల ముందు చెప్పాలని ఉంది ఇందులో. ఇదివరకు నెల. ఇప్పుడు మూణ్ణెల్లు. అంతే.”

సిలార్ అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మానేయాలన్న ఆలోచన పదహారేళ్లలో ఒక్కసారీ రాలేదు. తీసేస్తున్నారనుకుని వేరే పని చూసుకున్నాడు. తీరా తీసేయడం లేదు. పోనీ ఆ పనికి వెళ్దామా అంటే, వాళ్లు నెలకంటే ఆగరు, వీళ్లు మూణ్ణెల్లు వదలరు.

“మరి వాళ్లు నన్ను పంపించేయాలనుకుంటేనో?” అని అడిగాడు.

ఎలీసమ్మ మళ్లీ చదివింది. కంపెనీ తీసేయాలంటే నెల ముందు చెబితే చాలని రెండో పేజీలో ఉంది. తనకిచ్చిన కాగితంలో ఆ పేజీ తిప్పకుండానే సంతకం చేశానని నెమ్మదిగా ఒప్పుకుంది.

ఆ సాయంత్రం ఖాజాబీకి అంతా చెప్పి, ట్రంకు పెట్టెలోంచి ఉద్యోగంలో చేరినప్పటి కాగితం తీయించాడు. ఎవరు మానుకున్నా, ఎవరు మాన్పించినా ఒక నెల అని అందులో స్పష్టంగా ఉంది. కింద పాత యజమాని సంతకం, పక్కన తనది.

“ఒంగోలు పోదామనుందా నీకు?” అంది ఖాజాబీ.

“తెలవట్లా.”

“ఇక్కడే ఉండాలనుందా?”

“అదీ తెలవట్లా ఖాజాబీ. నన్నడక్కుండా మార్చారే అని మాత్రం లోపల ఏదో గుచ్చుతా ఉంది.”

సెలవు పెట్టి గుంటూరులో లేబర్ ఆఫీసుకి వెళ్లాడు. అక్కడి ఉద్యోగి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఇద్దరు ఒప్పుకుని రాసుకున్నదాన్ని ఒకరే మార్చేస్తే ఎలా కుదురుతుందన్నాడు. ఇష్టం లేకపోతే ఇష్టం లేదని రాసి ఇవ్వమనీ, ఊరికే ఉండిపోతే ఒప్పుకున్నావనుకుంటారనీ హెచ్చరించాడు. సిలార్ తెలుగులోనే నాలుగు వాక్యాలు రాసి మేనేజరు వెంకటనారాయణ గారి బల్ల మీద పెట్టి వచ్చాడు.

గంటలో పిలుపు వచ్చింది. మేనేజరు కోపంగా లేడు. అదే సిలార్‌ని ఇంకా తికమక పెట్టింది. కంప్రెసర్ ఆపరేటరు ఉన్నట్టుండి వెళ్లిపోతే లక్ష టిక్కీలు ఏమవుతాయో చెప్పమన్నాడు. అదీ నిజమే అనిపించింది సిలార్‌కి.

“ఏమయ్యా, ఎక్కడికైనా వెళ్తున్నావా?”

“లేదు సార్. అంటే... ఏమో సార్.”

“వెళ్లనప్పుడు మూణ్ణెల్లయితే ఏంటి, మూడేళ్లయితే ఏంటి నీకు?”

“పోతావా, ఉంటావా అని నా పెళ్లాం కూడా అడిగింది సార్,” అన్నాడు సిలార్. “చెప్పలేకపోయా. కానీ మీరు నెల, నేను మూణ్ణెల్లు అంటే తూకం సరిగ్గా లేదు కదండీ. మీరూ మూణ్ణెల్లు అని రాయండి, ఇప్పుడే సంతకం పెడతా.”

వెంకటనారాయణ యజమానులతో మాట్లాడతానన్నాడు. పన్నెండు రోజులకి ఇంకో కాగితం వచ్చింది. ఈసారి ఎలీసమ్మ చేత రెండు పేజీలూ చదివించుకున్నాడు. సిలార్ వరకు పాత షరతులే, అంటే ఎటువైపైనా నెలే, కొనసాగుతాయని ఉంది. కంపెనీ తన వైపు మూణ్ణెల్లకి ఒప్పుకోలేదు. అతని మీదా మోపలేదు.

అప్పటికి ఒంగోలు వాళ్లకి మాట చెప్పే గడువు ఇంకా వారం ఉంది. కావాలంటే ఇక్కడ నెల నోటీసు ఇచ్చి వెళ్లొచ్చు. సిలార్ ఫోన్ చేతిలో పట్టుకుని మిషన్ రూము బయట రెండు రోజులు తిరిగాడు. మూడో రోజు ప్రేమదాసుకి రావట్లేదని చెప్పాడు. ఎందుకని ప్రేమదాసు అడిగితే, పదహారేళ్ల అలవాటన్నాడు. ఆ మాట తనకే అతికినట్టు లేదు. మరి ఇంత గొడవ దేనికి పడ్డావని ఖాజాబీ నవ్వింది. తనూ నవ్వాడు.

దసరా వెళ్లాక జక్రయ్య అని రెండో ఆపరేటరు వచ్చాడు. సిలార్‌కి తోడుగా అని మేనేజరు చెప్పాడు. తోడుగానో, బదులుగానో సిలార్‌కి అంతు చిక్కలేదు. అయినా తెలిసిందేదీ దాచుకోలేదు. ఏ వాల్వు మొండిదో, ఏ పైపు దగ్గర చెమ్మ ముందు కనబడుతుందో అన్నీ దగ్గరుండి చూపించాడు.

ఒకరోజు ఎలీసమ్మ మిషన్ రూము గుమ్మం దాకా వచ్చి, ఆ చప్పుడులో గొంతు పెంచి, సంతకం పెట్టేశాక కూడా ఇష్టం లేదని రాయొచ్చా అని అడిగింది.

“నాకు తెలవదమ్మా,” అన్నాడు సిలార్. “సోమవారం నాకు సెలవే. లేబర్ ఆఫీసుకి పోయి అడుగుదాం పద.”