వాన నీళ్ల క్యాను

మా కెమిస్ట్రీ సార్ పోయారు. కోయిలకుంట్ల నుంచి పాత స్నేహితురాలు ఫోన్ చేసి, "సారు పొద్దున్నే పోయినారంట. వస్తాండావా?" అంది. అప్పుడు నేను కడపలో, మా బడిలో, బోర్డు మీద ఉప్పులోని బంధం బొమ్మ గీస్తున్నాను. ఆయన నేర్పిన పాఠమే.

సార్ ఏటా ఒకే ప్రయోగం చేసేవారు. ఒక గ్లాసులో ఉప్పునీళ్లు, ఇంకోదాంట్లో చక్కెర నీళ్లు. బ్యాటరీ, రెండు వైర్లు, చిన్న ఎల్ఈడీ బల్బు. ఉప్పునీళ్లలో బల్బు వెలుగుతుంది, చక్కెర నీళ్లలో వెలగదు.

"సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేస్తాది, క్లోరిన్ తీసుకుంటాది. అది అయానిక బంధం. నీళ్లలో పడితే రెండూ విడిపోయి కరెంటు మోస్తాయి. చక్కెరలో పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి. అది సమయోజనీయ బంధం. కరిగినా ఆ జట్టు విడిపోదు, ఇంగ కరెంటు మోసేదెవరు?"

పంచుకునే బంధమే గొప్పది కదా అని ఎవరైనా అంటే ఆయనకు చిరాకు. "మన కతలు ఎలక్ట్రాన్లకు అంటగట్టొద్దు" అనేవారు.

మా ఊరు కోయిలకుంట్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అందుకే ఈ ప్రయోగానికి సార్ వాన నీళ్లు పట్టి తెల్ల క్యానులో దాచేవారు. మూత మీద 'వాన నీళ్లు, ముట్టుకోవద్దు' అని రాసేవారు. పదో తరగతిలో ఆ క్యాను నా బాధ్యత. తనిఖీ రోజు పొద్దున అది నా చేతిలోంచి జారి నీళ్లన్నీ నేలపాలయ్యాయి. భయపడి బోరు నీళ్లు నింపి పెట్టాను.

చక్కెర నీళ్లలో బల్బు మసగ్గా వెలిగింది. తనిఖీకొచ్చిన అధికారి నవ్వారు. సార్ క్యానులోంచి ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఒక్కసారి నా వైపు చూశారు. తర్వాత అధికారి వైపు తిరిగి అన్నారు:

"బోరు నీళ్లు సార్, నేనే తెచ్చినా. మన నీళ్లలో ఉప్పెంత ఉండాదో పిల్లోళ్లకు తెల్లాల కదా!"

ఆయన నన్నెప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. టీచరునయ్యాక ఎన్నోసార్లు చెబుదామనే వెళ్లి, కాఫీ తాగి వచ్చేశాను. ఇప్పుడిక చెప్పేందుకు ఆయన లేరు. నాకు సిగ్గుగా ఉంది.

రిటైరయ్యాక కూడా సార్ వాన నీళ్లు పట్టి బడికి పంపేవారట. ఫోనొచ్చిన రోజే నేను వాళ్లింటికి చేరాను. శ్మశానం నుంచి తిరిగొచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు వెతికారు. ఒకాయన గోడవారనున్న తెల్ల క్యాను ఎత్తాడు. మూత మీద సార్ రాత.

"అన్నా, అవి పొయ్యొద్దు" అన్నాను.

"మరి నీళ్లు యాడుండాయమ్మా?"

"ఉండన్నా, నేను తెస్తా."

వీధి చివరి బోరు దగ్గరికి పోయి బకెట్ నింపుకొచ్చాను. అందరూ ఆ నీళ్లతోనే కాళ్లు కడుక్కున్నారు. క్యాను గోడవారన నిండుగా అలాగే ఉంది.