బీరు తాగనివాళ్ళ బ్రూవరీ యాత్ర

మా ఇంట్లో ఎవరూ బీరు తాగరు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఆ వేసవిలో సియాటిల్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా ఉన్న తెలుగువాళ్ళందరూ మమ్మల్ని తాగుబోతుల కుటుంబం కిందే జమకట్టారు.

ఎనభైల నడిమి సంవత్సరాలవి. సియాటిల్ పక్కన బాతెల్‌లో ఇల్లు కొనుక్కుని కుదురుకున్నాం. మా ఆయన విమానాలు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ, అదీ ఫస్టు క్లాసు. అమెరికా వచ్చాక ఆ చదువు దేనికి పనికొచ్చిందయ్యా అంటే, ఆ చలిలో ఇడ్లీ పిండి పులియబెట్టడానికీ, తోడు పాడైన ఇళ్ళకి మంచి తోడు ఇవ్వడానికీ. ఆ రెండు విషయాల్లో ఆ చుట్టుపక్కల నన్ను మించినవాళ్ళు లేరు. ఇందులో మొహమాటపడేదేం లేదు. కానీ నేను రాత్రింబవళ్ళు కూర్చుని చదివింది ఇడ్లీల కోసం కాదు. ఆసుపత్రి ల్యాబుల్లో అడిగితే ఇక్కడి లైసెన్సు కావాలన్నారు, మళ్ళీ కాలేజీలో చేరమన్నారు. పిల్లలిద్దరూ అప్పటికి చిన్నవాళ్ళు. వాళ్ళు బడికి వెళ్ళే వయసొచ్చాక ఇల్లు బావురుమనేది. ఉద్యోగం చెయ్యాలన్న కోరిక నన్ను పీక్కుతినేది. పార్టీల్లో ఎవరైనా అమెరికన్ "మీరేం చేస్తుంటారు?" అని అడుగుతారేమోనని, అవసరం లేకపోయినా వంటింట్లో దూరి గిన్నెలు కడిగేదాన్ని.

ఒకరోజు లైబ్రరీలో ఏదో పత్రిక తిరగేస్తుంటే చిన్న చిన్న బ్రూవరీల గురించి ఒక వ్యాసం కనిపించింది. పెద్ద కంపెనీల బీరు నచ్చనివాళ్ళు సొంతంగా షెడ్లలో బీరు కాచి అమ్ముతున్నారట. ఆ వ్యాసంలో, పోర్ట్‌లాండ్‌కి కాస్త ఇవతల బ్రూవరీ పెట్టిన ఒకాయన, తన బీరు ఒక్కోసారి అద్భుతంగా వస్తుందనీ, ఒక్కోసారి ఎందుకో పుల్లబడిపోతుందనీ, పారబోయలేక చస్తున్నాననీ వాపోయాడు. అది చదవగానే నా చేతులు ఊరుకోలేదు. పులియడం సంగతి నాకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఇంటికొచ్చి ఫోన్ చేశాను.

"మీ బీరు ఎందుకు పుల్లబడుతోందో నేను కనిపెట్టగలను," అన్నాను.

ఆయన నవ్వాడు. వేళాకోళంగా నవ్వలేదు, సంతోషంగానే నవ్వాడు. ఎప్పుడైనా ఇటువైపు వస్తే తప్పకుండా రమ్మన్నాడు.

"వచ్చే నెల ఎలాగూ అటే వస్తున్నాం," అన్నాను.

నిజానికి మేము ఎటూ వెళ్ళడం లేదు. ఫోన్ పెట్టేసి, బీరువా మీదున్న రోడ్ అట్లాస్ దించి, దుమ్ము దులిపాను. మా కుటుంబ విహారయాత్ర అలా పుట్టింది.

సాయంత్రం మా ఆయనకి చెబితే, "సోడా తాగితేనే నీకు కళ్ళు తిరుగుతాయి, నీకు బీరు కంపెనీలో ఉద్యోగమా!" అని పడీపడీ నవ్వి, ఆ వెంటనే సెలవుకి దరఖాస్తు పెట్టేస్తానన్నాడు. మంచి మనిషి. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. "నాన్నగారికి మాత్రం చెప్పకు."

నాన్నగారంటే మా మావయ్యగారు. ఆరు నెలలు మా దగ్గర ఉందామని వచ్చారు. ఉద్యోగమంతా ఎక్సైజు శాఖలో చేసి, ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. నాటుసారా బట్టీలు పగలగొట్టడం, కుండల్లో బెల్లం ఊట పారబోయించడం, పారిపోతున్నవాళ్ళ వెంటపడి పట్టుకోవడం, ఇవే ఆయన చెప్పే కథలన్నీ. పిల్లలు కౌబాయ్ కథల్లా వినేవాళ్ళు. అలాంటి మనిషిని కార్లో ఎక్కించుకుని బ్రూవరీకి తీసుకెళ్ళడం ఎలాగన్నది నేను తేల్చుకోవాల్సిన లెక్క.

నేను తేల్చుకున్నాను. దారిలో చూడాల్సినవాటిలో బ్రూవరీని కలిపేస్తే సరి. పిల్లలకి సముద్రం, ఎర్రచందనంలా ఎర్రగా ఉండే రెడ్‌వుడ్ మహావృక్షాల అడవి. మా ఆయనకి కొండ మీద నీలం సరస్సు. ఒక్క బ్రూవరీనే పెడితే అనుమానం వస్తుందని కాలిఫోర్నియాలో మరో రెండు వెతికి పట్టుకుని వాటినీ చేర్చాను. "ఇక్కడి పరిశ్రమలు కూడా పిల్లలు చూడాలి కదా," అన్నాను. మావయ్యగారు అట్లాస్ మీదికి వంగి, "చీకటి పడేలోగా చేరతామా?" అని మాత్రం అడిగారు. చేరతామన్నాను.

ఇంతవరకూ బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా బస దగ్గరే. ఆ రోజుల్లో మేమెవరమూ దారిలో ఏ ఊరు బాగుంటుందో చూసి ప్రయాణం కట్టేవాళ్ళం కాదు. ఏ ఊళ్ళో తెలుగువాళ్ళ ఇల్లుందో చూసి కట్టేవాళ్ళం. మోటల్‌కి వెళ్ళామని తెలిస్తే ఆ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు జన్మలో క్షమించరు. మొదటి మజిలీ పోర్ట్‌లాండ్. అక్కడి దంపతులు మాకు పాత స్నేహితులు. ఆయన ఏదో పెద్ద కంపెనీలో పనిచేస్తాడు. ఆవిడ నాకంటే కొంచెం పెద్దది, అక్కా అని పిలుస్తాను. మాగాయ పెట్టడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. మా ఆయన వాళ్ళకి ఫోన్ చేసి, మేము వచ్చేసరికి సాయంత్రమవుతుందనీ, దారిలో బ్రూవరీ దగ్గర ఆగుతామనీ చెప్పాడు.

"బ్రూవరీ ఎందుకండీ?" అని ఆయన అడిగాడట.

మా ఆయన నీళ్ళు నమిలి, "అంటే... నాకే, కొంచెం సరదా," అన్నాడు.

నన్ను కాపాడానని అనుకున్నాడు పాపం. మొగుడు తాగితే మా వాళ్ళకి జాలి. పెళ్ళాం బీరు కంపెనీలో ఉద్యోగం వెతుక్కుంటే విడ్డూరం. విడ్డూరం కంటే జాలి నయం కదా అని ఆయన లెక్క. నేనూ ఒప్పుకుని ఊరుకున్నాను.

ఆ జాలి ఎంత త్వరగా ప్రయాణం చేస్తుందో నాకప్పుడు తెలియదు. మరుసటి రోజు నుంచి ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. మేము ఇంకా కారు గుమ్మం దాటించకముందే ఆ కబురు కాలిఫోర్నియా చేరింది. ఒకావిడ "నువ్వు ధైర్యంగా ఉండమ్మా," అంది. ఇంకొకావిడ, మంత్రించిన విభూతి పంపిస్తానంది. పాపం మా ఆయన రోజుకి రెండుసార్లు మజ్జిగ తాగుతాడు, ఆయనకున్న పెద్ద వ్యసనం అదే.

చివరికి జరగాల్సింది జరిగింది. పోర్ట్‌లాండ్ అక్క, మావయ్యగారు కారం ఎంత తింటారో కనుక్కుందామని ఫోన్ చేసింది. నేను పెరట్లో ఉన్నాను. ఫోన్ ఆయనే ఎత్తారు. "మీరు పెద్దవాళ్ళు, మీరైనా అబ్బాయికి నాలుగు మంచి మాటలు చెప్పండి బాబాయిగారూ. ఫ్యామిలీ ట్రిప్‌లో కూడా తాగుడేంటండీ? పాపం, ఆ పిల్ల ఎవరితోనూ చెప్పుకోదు," అని ఆవిడ మనసు విప్పి చెప్పేసింది.

భోజనాల దగ్గర మావయ్యగారు కంచం ముందు కూర్చుని అన్నం కలపలేదు.

"నేను రావడం లేదు," అన్నారు. "మీరూ వెళ్ళడానికి వీల్లేదు. నా కొడుకు తాగడానికి వెళ్తుంటే నేను వెనక సీట్లో కూర్చోవాలా?"

మా ఆయన తలవంచుకున్నాడు. నిజం చెప్పడు. చెబితే నా మీదికి వస్తుందని. అంత పెద్దవాడు, విమానం రెక్కలకి లెక్కలు కట్టేవాడు, చెయ్యని తప్పుకి తండ్రి ముందు చిన్నపిల్లాడిలా కూర్చుంటే నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, మావయ్యగారి మీద కూడా కాదు. మమ్మల్ని ఇలా కూర్చోబెట్టిన ఆ అబద్ధం మీద.

"ఆయన కోసం కాదు మావయ్యగారూ. నా కోసం," అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. ఎంత మంది బట్టీల వాళ్ళ వైపు అలా తిరిగి ఉంటారో!

"నువ్వు తాగుతావా?"

"లేదండీ. అక్కడ ఉద్యోగం అడుగుదామని. వాళ్ళ బీరు పుల్లబడుతోంది. ఎందుకో కనిపెట్టడం నాకు వచ్చు. నేను చదివింది అదే."

ఆయన కంచం పక్కకి జరిపారు. పిల్లలు కూడా తినడం మానేసి చూస్తున్నారు. నేనైతే తిట్లకి సిద్ధమైపోయాను, జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను.

"ఇక్కడ అది తయారుచెయ్యడం చట్టబద్ధమే కదా?" అన్నారు.

"చట్టబద్ధమేనండీ. లైసెన్సు ఉంటుంది."

"మరి దాచడం దేనికి?" ఆయన గొంతు పెరిగింది. "నా సర్వీసంతా దాచుకున్నవాళ్ళనే పట్టుకున్నాను అమ్మాయ్. తప్పు చేసేవాళ్ళు దాచుకుంటారు. నువ్వు చేసేది తప్పా?"

"కాదండీ."

"తప్పు కాకపోతే, నా కొడుకుని తాగుబోతుని చేసి, నువ్వు చదువుకున్న చదువుని దొంగసరుకులా చాటున తీసుకెళ్తావేంటి? ఫోన్ చెయ్యి. ఆ పోర్ట్‌లాండ్ అమ్మాయికి చెప్పు. నా ఎదురుగానే చెప్పు. అప్పుడు వస్తాను."

నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబుల్లో ఒక్కటీ దీనికి సరిపోలేదు. మా ఇంట్లో నా చదువు గురించి అంత కోపంగా మాట్లాడిన మనిషి అంతవరకూ లేడు. ఆ కోపం నాకు ఎంత బాగుందో చెప్పలేను.

ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కకి కోపం వస్తుందేమో, నవ్వుతుందేమో అనుకున్నాను. ఆవిడ గొంతు బాగా తగ్గించి, "వాళ్ళకి ఇంకెవరైనా కావాలేమో కనుక్కుంటావా?" అంది. "నాది కెమిస్ట్రీ. బీఎస్సీలో కాలేజీ ఫస్టు." ఇన్నేళ్ళ స్నేహంలో మేము మాట్లాడుకున్నదంతా మాగాయ గురించే.

బయలుదేరాం. డిక్కీలో రైస్ కుక్కర్, పులిహోర, మూడు కవర్లు చుట్టిన ఆవకాయ సీసా. నా ఒళ్ళో మాత్రం మైక్రోస్కోపు. యూనివర్సిటీవాళ్ళు పాత సామాను అమ్మేస్తుంటే మా ఆయన కొన్నాడు. వెనక సీట్లో పిల్లల మధ్య మావయ్యగారు మెడకి మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నారు.

బ్రూవరీ అంటే పెద్ద షెడ్డు, అంతే. యజమాని మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని ఎదురొచ్చాడు. అంతకుముందు బడిపంతులట. మూతబడిన డెయిరీ నుంచి పాల ట్యాంకులు కొని, వాటిలో బీరు పులియబెడుతున్నాడు. ఫోన్లో మాట్లాడింది ఆడమనిషన్నది మరిచిపోయాడేమో, వస్తూనే మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, "మీరేనా మా బీరు డాక్టర్?" అన్నాడు. మా ఆయన చెయ్యి విడిపించుకుని, ఒక అడుగు పక్కకి జరిగి నన్ను చూపించాడు. మావయ్యగారు గుమ్మం దగ్గరే ఆగి, గాలి ఒకసారి పీల్చి, ముఖం చిట్లించి, లోపలికి వచ్చారు.

పుల్లబడిన బీరు ఒక చుక్క గాజు పలక మీద వేసి చూశాను. గుండ్రటి ఈస్టు కణాల మధ్య సన్నటి కడ్డీల్లా బ్యాక్టీరియా, కావలసినంత. ఎన్నేళ్ళకి చూశానో! చుట్టాలు కనిపించినట్టు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కంటికి అద్దం అడ్డం ఉంది కాబట్టి సరిపోయింది. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలాలి. ట్యాంకులు బాగానే కడుగుతున్నాడు, గొట్టాలూ శుభ్రంగానే ఉన్నాయి. ట్యాంకు కింది కొళాయి విప్పమన్నాను. లోపలి రబ్బరు చుట్టు అరిగి, పగిలి ఉంది. ఆ పగుళ్ళలోంచి గీకి తీసిన జిగురు అద్దం కింద పెడితే అవే కడ్డీలు. ఆయన్ని పిలిచి చూపించాను. మైక్రోస్కోపు మీద వంగినవాడు ఎంతసేపటికీ లేవడే!

లేచాక, ప్రతి వారం ఇలా చూసిపెట్టగలరా అని అడిగాడు, జీతం ఇస్తానన్నాడు. మేముండేది చాలా దూరం. ప్రతి వారం నేను రాలేను. నమూనాలు బస్సులో పంపితే మా గ్యారేజీలో చూసి, ఏం చెయ్యాలో ఫోన్లో చెబుతానన్నాను. మరి వాటిని శుభ్రంగా, పద్ధతిగా తీసేవాళ్ళెవరు? "పోర్ట్‌లాండ్‌లో నా సహోద్యోగి ఉంది. కెమిస్టు," అన్నాను. వాళ్ళాయన్ని గానీ మా ఆయన్ని గానీ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

చీకటి పడేలోగానే అక్క వాళ్ళింటికి చేరాం. కారు ఆగకముందే ఆవిడ చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ రోడ్డు మీదికి వచ్చేసింది. వెనక గుమ్మంలో వాళ్ళాయన. బాగున్నారా అని లేదు, ప్రయాణం ఎలా సాగిందని లేదు. నా కిటికీ దగ్గరికి వచ్చి, "ఏమన్నాడు?" అంది.

"ఉద్యోగం ఇచ్చాడు."

"ఒక్కదానికేనా?"

"ఇద్దరికీ. నువ్వు మంగళవారం మంగళవారం వెళ్ళి శాంపిల్స్ తియ్యాలి అక్కా. డ్రైవింగ్ వచ్చు కదా?"

ఆవిడ ముఖం వాడిపోయింది. "రాదు," అంది. తర్వాత గుమ్మం వైపు తిరిగి, నేను ఎప్పుడూ విననంత పెద్ద గొంతుతో వాళ్ళాయన్ని పిలిచింది.

"ఏమండీ, ఆ కారు తాళాలు ఇలా పట్రండి!"