నొప్పి లేని పుండు

నాన్నని బూటు కరిచిందని ముందు గమనించింది నేనే. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో కొత్త సేఫ్టీ బూట్లు ఇచ్చిన వారం అది. సాయంత్రం కంచరపాలెంలో మా గుమ్మం ముందు కూర్చుని సాక్సు లాగాడు. మడమ దగ్గర అంతా నెత్తురు. "ఇదేటి?" అన్నాడు, ఎవరి కాలో చూసినట్టు. చెప్పు కరిస్తే చిన్నపిల్లలు వీధి దద్దరిల్లేలా ఏడుస్తారు. షుగరున్న ఈ మనిషి ఆ కాలుతోనే రోజంతా పని చేసి వచ్చాడు.

ఎదురింట్లో మా మేనత్త పసరు కడుతుంది. రైలు పట్టాల పక్కన గడ్డిచామంతి ఆకు కోసుకొచ్చి, అరచేతిలో నలిపి, పుండు మీద పిండి, పాత చీర పేలికతో కట్టేస్తుంది. ఆకు కోసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడకూడదట. ఆ లోటు మిగతా రోజంతా తీర్చుకుంటుంది. నా చిన్నప్పటి మోకాలి దెబ్బలన్నీ ఆ పసరుతోనే మానాయి, అది కాదనను. భగ్గున మండేది, నేను కేకలు పెట్టేదాన్ని. "మండితే మందు పని సేత్తన్నట్టే గుంటా," అనేది.

నాన్న కేక పెట్టలేదు.

"మండట్నేదేట్రా తమ్ముడా?"

"నేదప్పా. సల్లగుంది."

అత్త మురిసిపోయింది. "నా అస్తవాసంటే ఏటనుకున్నావ్!"

"మండితేనే పని సేత్తన్నట్టు అన్నావు గదత్తా. మరి నాన్నకి మండదేటి?" అన్నాను.

"పెరటిసెట్టు వైద్యానికి పనికిరాదు. అదీ మీ సదువుకున్నోల్ల బాద," అని మూతి తిప్పుకుంది.

మా వీధిలోనే షుగరున్న ఒకాయనకి ఇలాంటి పుండుతోనే మోకాలిదాకా కాలు తీసేశారు. నా భయమంతా అదే. పోట్లాడాను, ఏడ్చాను, అన్నం మానేశాను. "నొప్పి నేనోడికి ఆస్పత్రేటే?" అని నాన్న బూటు తొడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఏదో వాసన మొదలైంది. అమ్మ ఎలుక చచ్చిందేమోనని మంచం కిందంతా వెతికింది. ఒక పొద్దున లేచేసరికి కట్టు నిండా ఎర్రచీమలు. నాన్న దులిపేసుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అత్తకీ రాలేదు.

నాన్నకి చలిజ్వరం వచ్చాక ఇక అడగలేదు, ఆటో పిలిచాను. అత్త నాన్న పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారంతా ఒక్క మాట లేదు.

డాక్టరమ్మ కట్టు కత్తిరించింది. మడమ నల్లగా ఉంది. ఆవిడ సూది తీసి, "కళ్ళు మూసుకోండి. గుచ్చగానే చెప్పండి," అంది. నాన్న కళ్ళు గట్టిగా మూసి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ వేళ్ళ మీద గుచ్చింది. అరికాల్లో గుచ్చింది. చీలమండ దాటి పైన గుచ్చింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

నాన్న కళ్ళు తెరవలేదు.

"బేగి గుచ్చీండి డాట్రమ్మా," అన్నాడు, "నాను బయపడనులెండి."